ఆర్థోడాంటిక్ సహాయకుల ఉద్యోగ భద్రత, వృత్తి పురోగతిపై సర్వసభ్య సమావేశ తీర్మానం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో పళ్లకు క్లిప్పులు వేసే వైద్యశాలల్లో పనిచేస్తున్న సహాయకులు, వారితో కలిసి పనిచేస్తున్న ఆర్థోడాంటిస్టులు, దంత కళాశాలల బోధకులు ఈ సర్వసభ్య సమావేశంలో పాల్గొన్నారు. ఈ పనిలో ఇప్పుడున్న ఉద్యోగావకాశాలను, ఇకముందు ఇది నడవవలసిన దారిని చర్చించి, కింది తీర్మానాన్ని సమావేశం ఏకగ్రీవంగా ఆమోదించింది.

చర్చ అంతా ఒక్క విషయం చుట్టూ తిరిగింది. ఈ పనికి మనుషులు కావాలి. రేపు ఇంకా ఎక్కువమంది కావాలి. కానీ చేరినవారికి పైమెట్టు కనబడటం లేదు. మొదటి ఏడాది ట్రే సర్దిన అమ్మాయి, పదేళ్ల తరువాత కొత్తగా వచ్చిన డాక్టరుకు సైతం పని వరస చెప్పగలిగే స్థాయికి ఎదుగుతుంది. అయినా ఆమె హోదా మారదు. ఆమె నేర్చుకున్న విద్యకు రుజువుగా చూపడానికి ఒక కాగితమైనా ఉండదు. ఊరు మారితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఉద్యోగాలు పెరిగినంత మాత్రాన ఈ పరిస్థితి మారదు. శిక్షణకు ప్రమాణం, అనుభవానికి గుర్తింపు, ఆరోగ్యానికి రక్షణ ఉన్నప్పుడే ఈ ఉద్యోగం వృత్తిగా నిలబడుతుంది. ఈ మూడింటినీ సాధించడమే ఈ తీర్మానం ఉద్దేశం.

మొదటి భాగం: సమావేశం గుర్తించిన విషయాలు

1. పని పెరుగుతున్న తీరు

క్లిప్పుల చికిత్స ఒక్కరోజుతో తీరేది కాదు. సాధారణంగా ఏడాదిన్నర నుంచి రెండేళ్లు సాగుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి రోగి రావాలి. క్లిప్పులు తీసిన తరువాత కూడా పళ్లు మళ్లీ కదలకుండా రిటైనర్ వాడాలి, దాన్ని సరిచూసుకోవడానికీ రావాలి. అంటే ఒక్క రోగి చేరితే దాదాపు 20 సార్లు కుర్చీ సిద్ధం చేయాలి, పరికరాలు శుద్ధి చేయాలి, ఫైలు నింపాలి. పన్ను తీసే పనికీ ఈ పనికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇది. రోగుల సంఖ్య కొద్దిగా పెరిగినా సహాయకుల పని చాలా పెరుగుతుంది.

ఒకప్పుడు క్లిప్పులంటే పెద్ద నగరాల మాట. ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనూ, వాటిని దాటి చిన్న పట్టణాల్లోనూ వేస్తున్నారు. అక్కడ చాలాచోట్ల ఆర్థోడాంటిస్టు రోజూ ఉండరు. వారంలో ఒకరోజో, నెలలో రెండు రోజులో వచ్చి వెళ్తారు. ఆయన వచ్చేసరికి ఎవరి వైరు మార్చాలి, ఎవరి బ్రాకెట్ ఊడింది, ఎవరికి ఎక్స్‌రే తీయాలి అన్న జాబితా సిద్ధంగా ఉండాలి. ఆయన వెళ్లాక రోగి ఫోన్ చేస్తే ఏది అత్యవసరమో, ఏది వచ్చే వారం దాకా ఆగగలదో తెలుసుకుని స్థానిక దంతవైద్యునికి చెప్పాలి. ఈ పద్ధతి నడుస్తున్నదే సహాయకుల మీద.

ఒకప్పుడు ఎక్కువగా పిల్లలకే వేసే క్లిప్పులను ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నవారు, పెళ్లి కుదిరినవారు, నలభై దాటినవారు కూడా వేయించుకుంటున్నారు. వేసవి సెలవుల్లో కొత్త కేసుల రద్దీ ఉంటుంది. ఇంటర్మీడియట్ పిల్లలు రెసిడెన్షియల్ కళాశాలల హాస్టళ్లలో ఉంటారు కాబట్టి వారికి ఔటింగ్ దొరికిన ఆదివారమే అపాయింట్‌మెంట్ పడాలి. ఈ లెక్కలన్నీ చూసుకుంటూ, రెండేళ్ల చికిత్స మధ్యలో ఆగిపోకుండా చూసేది సహాయకులే.

2. పని స్వరూపం

ఈ పని కేవలం అందించడం కాదని సమావేశం స్పష్టం చేస్తున్నది. బ్రాకెట్లు అతికించే రోజున పంటిని శుభ్రం చేసి, ఎచింగ్ జెల్ పెట్టి, కడిగి, ఆరబెట్టాక ఒక్క చుక్క లాలాజలం తగిలినా బ్రాకెట్ నిలవదు. పెదవులు, బుగ్గలు పక్కకు పట్టి, సక్షన్ సరైన చోట ఉంచి, డాక్టరు చెయ్యి చాచేలోపు అందవలసిన బ్రాకెట్‌ను సరైన పంటి వరసలో అందించాలి. నీలి కాంతి దీపం పట్టేటప్పుడు రోగి కళ్లనూ తమ కళ్లనూ కాపాడుకోవాలి. సెపరేటర్లు, బ్యాండ్లు, నికెల్–టైటానియం తీగలు, స్టీలు తీగలు, రంగురంగుల రబ్బరు రింగులు, వీటన్నిటి సైజులూ నోటికి వచ్చి ఉండాలి. అచ్చు తీయడానికి ఆల్జినేట్ కలపాలి, ప్లాస్టరు పోయాలి, లేదా స్కానర్‌తో నోటి లోపలి చిత్రం తీయడంలో తోడ్పడాలి. ముఖం, పళ్ల ఫోటోలు ప్రతిసారీ ఒకే కోణంలో తీయాలి. అలా తీయకపోతే చికిత్సకు ముందూ తరువాతా పోల్చడం కుదరదు.

దీనికి తోడు మాట సాయం ఉంది. కొత్తగా క్లిప్పులు వేయించుకున్న పిల్లవాడికి బ్రష్ ఎలా తిప్పాలో చూపించాలి. జంతికలు, చెరకు గడ, పల్లీపట్టి, జామకాయ కొరకవద్దని తల్లికి చెప్పాలి. సంక్రాంతి తరువాతి వారంలో ఎన్ని బ్రాకెట్లు ఊడి వస్తాయో ఈ పనిలో ఉన్నవారందరికీ తెలుసు. గిల్టు నగలు పెట్టుకుంటే దద్దుర్లు వస్తాయా అని ముందే అడిగితే నికెల్ పడనివారు బయటపడతారు. సరిగా తోముకోని పంటిపై బ్రాకెట్ చుట్టూ తెల్లమచ్చలు మొదలైతే వాటిని తొలిదశలోనే గమనించి డాక్టరు దృష్టికి తేవాలి. ఇవి చిన్న పనులుగా కనిపించవచ్చు. చికిత్స ఫలించడానికీ పాడవడానికీ మధ్య తేడా చాలాసార్లు వీటిలోనే ఉంటుంది.

3. మన నేలకు ప్రత్యేకమైన కష్టం

తాగునీటిలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును దేశంలో మొట్టమొదట 1937లో నాటి నెల్లూరు జిల్లాలోనే గుర్తించారు. ఉమ్మడి నల్గొండ జిల్లాలోనూ, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల్లోనూ మచ్చల పళ్లతో పెరిగినవారు నేటికీ చికిత్సకు వస్తున్నారు. ఫ్లోరోసిస్ వచ్చిన ఎనామెల్‌ను యాసిడ్ జెల్ తేలికగా గరుకు చేయలేదు. అందువల్ల దాని మీద బ్రాకెట్ త్వరగా ఊడిపోతుంది. అటువంటి పంటి దగ్గర తేమ లేకుండా చూడటం, డాక్టరు చెప్పిన సమయాన్ని క్షణాలతో సహా పాటించడం మరింత ముఖ్యం. బయటి దేశాల పాఠ్యప్రణాళికను యథాతథంగా దించుకుంటే ఈ నైపుణ్యం రాదు. శిక్షణ మన రోగులను చూసి రూపొందించుకోవాలి.

4. చట్టంలో స్థానం

1948 నాటి దంతవైద్యుల చట్టం దంతవైద్యులతో పాటు డెంటల్ హైజీనిస్టులను, డెంటల్ మెకానిక్‌లను పేరు పెట్టి గుర్తించి, వారికి రిజిస్టర్లు ఏర్పాటు చేసింది. వారికి రెండేళ్ల కోర్సులున్నాయి. కుర్చీ పక్కన నిలబడి పనిచేసే సహాయకులకు ఆ రిజిస్టర్లలో చోటు లేదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ దంత కమిషన్ చట్టం పాత చట్టం స్థానంలో కొత్త వ్యవస్థను తెచ్చింది. దంతవైద్య సహాయక వృత్తులవారికి కూడా జాతీయ రిజిస్టర్ ఉండాలని అది చెబుతున్నది. ఏ వృత్తికి ఎంత చదువు, ఎంత శిక్షణ అన్నది నిబంధనల్లో స్పష్టం కావలసిన సమయమిది. ఇప్పుడు మాట్లాడకపోతే మరో తరం ఇదే స్థితిలో గడిచిపోతుందని సమావేశం భావిస్తున్నది.

నైపుణ్యాభివృద్ధి వ్యవస్థలో హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ‘డెంటల్ అసిస్టెంట్’ అనే ఉద్యోగానికి ప్రమాణాలు రూపొందించింది. అది సాధారణ దంతవైద్య సహాయానికి మంచి పునాది. అయితే క్లిప్పుల చికిత్సకు అవసరమైన ప్రత్యేక నైపుణ్యాలను దానిపైన మరో అంతస్తుగా చేర్చుకోవలసి ఉంది.

5. చిన్న వైద్యశాల, చిన్న రక్షణ

మన వైద్యశాలల్లో ఎక్కువ భాగం చిన్నవి. ఇద్దరో ముగ్గురో సహాయకులుంటారు. సామాజిక భద్రత చట్టాలేమో ఉద్యోగుల సంఖ్యను బట్టి వర్తిస్తాయి. ఈఎస్‌ఐ తప్పనిసరి కావాలంటే పది మంది ఉండాలి, భవిష్య నిధికి ఇరవై మంది ఉండాలి. 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు కూడా పది మందికి తక్కువ కాని సంస్థలకే వర్తిస్తుంది. పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ పది మంది ఉన్నచోటే ఏర్పడుతుంది. ఒకే రకం పని చేసే ఇద్దరిలో పెద్ద ఆసుపత్రిలో ఉన్నవారికి ఈ రక్షణలన్నీ ఉంటాయి, వీధి చివరి క్లినిక్‌లో ఉన్నవారికి ఇవేవీ తప్పనిసరిగా దక్కవు. ఈ పనిలో స్త్రీలు ఎక్కువ కాబట్టి, ఈ లోటు భారం వారి మీదే ఎక్కువగా పడుతున్నది. పెళ్లి, కాన్పు తరువాత ఎందరో నైపుణ్యం ఉన్నవారు వెనక్కి రాలేకపోవడానికి ఇదొక ముఖ్యమైన కారణం.

6. ఆరోగ్యానికి ఉన్న ముప్పు

కత్తిరించిన తీగ కొన వేలికి గుచ్చుకుంటుంది, ఒక్కోసారి ఎగిరి కంటి దాకా వస్తుంది. పరికరాలు కడిగేటప్పుడు గాయమైతే రక్తం ద్వారా వ్యాపించే జబ్బుల భయం ఉంటుంది. ప్లాస్టరు పొడి, ఆల్జినేట్ పొడి, అక్రిలిక్ ద్రవం ఆవిరి ఊపిరితిత్తులకు మంచివి కావు. గంటల తరబడి ఒక పక్కకు వంగి నిలబడటంతో మెడ, నడుము పట్టేస్తాయి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. వ్యర్థాలను తాకే సిబ్బందికి హెపటైటిస్–బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. చేరినప్పుడూ, ఆపైన కనీసం ఏడాదికోసారీ శిక్షణ ఇవ్వాలి, ఆరోగ్య పరీక్షలు చేయించాలి. ఈ నిబంధన వైద్యశాల చిన్నదా పెద్దదా అని చూడదు.

7. ఇతర దేశాల అనుభవం

బ్రిటన్‌లో 2008 నుంచి డెంటల్ నర్సులందరూ జనరల్ డెంటల్ కౌన్సిల్‌లో నమోదు కావడం తప్పనిసరి. అక్కడ ఆర్థోడాంటిక్ థెరపిస్టు అనే ప్రత్యేక వృత్తి కూడా ఉంది. డాక్టరు రాసిన చికిత్సా ప్రణాళిక ప్రకారం బ్రాకెట్లు అతికించడం, తీగలు మార్చడం వంటి పనులు వారు చట్టబద్ధంగా చేస్తారు. అమెరికాలో ఆర్థోడాంటిక్ సహాయకులకు జాతీయ స్థాయి సర్టిఫికేషన్ పరీక్ష ఉంది. పని చేసిన గంటలు లెక్కలోకి వస్తాయి, ఇన్ఫెక్షన్ నివారణపై విడిగా పరీక్ష రాయాలి. అక్కడి కార్మిక గణాంకాల శాఖ దంతవైద్య సహాయకులందరినీ కలిపి 2023లో మధ్యస్థ వార్షిక వేతనం 46,540 డాలర్లుగా లెక్కగట్టింది. 2023 నుంచి 2033 వరకు ఉద్యోగాలు 8 శాతం పెరుగుతాయని అంచనా వేసింది. ఆ వేతనాలను మన జీతాలతో నేరుగా పోల్చడం సరికాదు. మనం గ్రహించవలసింది వేరే ఉంది. అక్కడ ఈ పనిని లెక్కిస్తారు, అంచనా వేస్తారు, ప్రచురిస్తారు. చదువు ముగించిన పిల్లలు ఆ అంకెలు చూసి నిర్ణయం తీసుకోగలరు. మన దగ్గర ఒక బిడ్డ ఈ పనిలోకి రావాలా వద్దా అని తల్లిదండ్రులు అడిగితే చూపడానికి ఒక్క పట్టిక లేదు.

8. కొత్త సాంకేతికత

క్లిప్పుల బదులు పెట్టుకునే పారదర్శక తొడుగులైన అలైనర్లు, నోటి స్కానర్లు వచ్చాక సహాయకుల అవసరం తగ్గుతుందన్న భయం కొందరిలో ఉంది. సమావేశం దీన్ని లోతుగా చర్చించింది. ఆల్జినేట్ కలపడం, ప్లాస్టరు పోయడం తగ్గుతున్న మాట నిజం. అయితే స్కాన్ చేసే చోట చెయ్యి స్థిరంగా ఉన్నవారు కావాలి. అలైనర్లు పట్టి ఉండటానికి పళ్లపై చిన్న అతుకులు వేసేటప్పుడు బ్రాకెట్ల కాలంనాటి జాగ్రత్తలే కావాలి. రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవలసిన అలైనర్‌ను రోగి నిజంగా పెట్టుకుంటున్నాడా అని తెలుసుకుని, పెట్టుకునేలా నచ్చజెప్పేవారు కావాలి. పని పోవడం లేదు, మారుతున్నది. మారిన పనిని నేర్పే ఏర్పాటు లేకపోతేనే ముప్పు.

రెండో భాగం: తీర్మానాలు

పై విషయాలన్నిటినీ దృష్టిలో ఉంచుకుని ఈ సర్వసభ్య సమావేశం కింది విధంగా తీర్మానించింది.

1. నియామక పత్రం. ప్రతి ఆర్థోడాంటిక్ సహాయకునికీ, సహాయకురాలికీ చేరిన రోజునే హోదా, జీతం, పని గంటలు, వారపు సెలవు రాసిన నియామక పత్రం ఇవ్వాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు నియామక పత్రాన్ని తప్పనిసరి చేశాయి. వేతనాల కోడ్ కనీస వేతనాన్ని ఉద్యోగులందరికీ వర్తింపజేసింది. చట్టం వచ్చింది కాబట్టి ఇవ్వడం వేరు, తోటి పనివారికి దక్కవలసిన గౌరవమని ఇవ్వడం వేరు. ఈ సమావేశంలో పాల్గొన్న వైద్యులందరూ రెండో కారణంతో ఈ పని తమ వైద్యశాలల్లో ముందుగా పూర్తిచేస్తామని అంగీకరించారు.

2. పని సరిహద్దు. సహాయకులు ఏమి చేయవచ్చో, ఏమి చేయకూడదో రాసిన పత్రం ప్రతి వైద్యశాలలో కనబడేలా ఉంచాలి. రోగనిర్ధారణ, చికిత్సా ప్రణాళిక, తీగ ఎంపిక, డ్రిల్లుతో పంటిపై చేసే పని డాక్టరువే. రద్దీ ఎక్కువ ఉందనో, కన్సల్టెంట్ డాక్టరు ఆలస్యంగా వస్తారనో ఈ పనులు సహాయకులకు అప్పగించకూడదు. అప్పగిస్తే మర్యాదగా నిరాకరించే హక్కు సహాయకులకు ఉందని, అలా నిరాకరించినందుకు ఎవరినీ తొలగించకూడదని సమావేశం స్పష్టం చేస్తున్నది.

3. మూడంచెల శిక్షణ. దంత కళాశాలల ఆర్థోడాంటిక్స్ విభాగాల సహకారంతో మూడు అంచెల శిక్షణ రూపొందించాలి. మొదటి అంచెలో ఇన్ఫెక్షన్ నివారణ, ఆటోక్లేవ్ వాడకం, పరికరాల పేర్లు, ట్రే అమరిక, రోగితో మాట తీరు. రెండో అంచెలో బ్రాకెట్లు అతికించేటప్పుడు తోడ్పాటు, ఫోటోలు, అచ్చులు, ఫ్లోరోసిస్ పళ్ల విషయంలో జాగ్రత్తలు, ఊడిన బ్రాకెట్‌తో వచ్చిన రోగికి ప్రథమ సహాయం. మూడో అంచెలో స్కానర్, అలైనర్ కేసుల నిర్వహణ, సరుకు నిల్వల లెక్క, కొత్తవారికి నేర్పడం. ప్రతి అంచెకూ చేతిపని పరీక్ష ఉండాలి. పాఠాలు, ప్రశ్నపత్రాలు తెలుగులో ఉండాలి. పరికరాల పేర్లు మాత్రం వాడుకలో ఉన్నవే ఉంచాలి. ఇంగ్లిషు రానంత మాత్రాన చెయ్యి తిరిగిన మనిషి వెనకబడకూడదు.

4. పని పుస్తకం. ఇప్పటికే ఏళ్లుగా పనిచేస్తున్నవారిని మళ్లీ మొదటి తరగతిలో కూర్చోబెట్టకూడదు. వారు చేసిన పనులను డాక్టరు సంతకంతో నమోదు చేసే పుస్తకం ప్రవేశపెట్టాలి. ఆ నమోదు ఆధారంగా నేరుగా రెండో లేదా మూడో అంచె పరీక్ష రాసే అవకాశం ఇవ్వాలి. ఊరు మారినా, వైద్యశాల మారినా ఆ పుస్తకం వారి వెంటే ఉండాలి. ఉద్యోగం వదిలి వెళ్లేటప్పుడు అనుభవ ధ్రువపత్రం ఇవ్వకుండా ఆపడం ఏ కారణంతోనూ సమర్థనీయం కాదు.

5. ప్రభుత్వాలకు, కమిషన్‌కు వినతి. జాతీయ దంత కమిషన్ చట్టం కింద రూపొందే నిబంధనల్లో కుర్చీ పక్కన పనిచేసే సహాయకుల హోదా, కనీస విద్యార్హత, శిక్షణ, నమోదు స్పష్టంగా చేర్చాలని కేంద్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాము. ఇందులో ఆర్థోడాంటిక్ సహాయానికి విడిగా స్థానం ఇవ్వాలి. రెండు రాష్ట్రాల పారామెడికల్ బోర్డులు ఈ శిక్షణకు గుర్తింపు ఇచ్చే విషయాన్ని పరిశీలించాలని, ప్రభుత్వ దంత కళాశాలలు దీనికి వేదిక కావాలని ఉభయ రాష్ట్ర ప్రభుత్వాలను కోరుతున్నాము. కమిషన్ పరిధిలోని వృత్తులను లెక్కించే ప్రతి సర్వేలోనూ ఈ ఉద్యోగాల సంఖ్యను, జీతాలను విడిగా నమోదు చేసి ప్రచురించాలి.

6. ఆరోగ్య రక్షణ. చేరిన నెలలోనే హెపటైటిస్–బి టీకా మొదలుపెట్టి, మూడు డోసులూ వైద్యశాల ఖర్చుతో పూర్తిచేయించాలి. రక్షణ కళ్లద్దాలు, నీలి కాంతికి నారింజ రంగు అడ్డం, మందమైన చేతి తొడుగులు, మాస్కులు ఎప్పుడూ నిల్వ ఉండాలి. గుచ్చుకున్న గాయాన్ని దాచకుండా వెంటనే చెప్పే వాతావరణం కల్పించాలి. గాయం నమోదు పుస్తకం ఉండాలి, ఆ తరువాతి పరీక్షల ఖర్చు వైద్యశాలే భరించాలి. వరసగా కుర్చీ దగ్గర నిలబడే సమయం మధ్యలో కొద్ది విరామం ఇవ్వాలి.

7. సామాజిక భద్రత. పది మందికి తక్కువ ఉన్న వైద్యశాలలు ఈఎస్‌ఐలో స్వచ్ఛందంగా చేరవచ్చు. ఆ అవకాశాన్ని వాడుకోవాలని యాజమాన్యాలకు విజ్ఞప్తి చేస్తున్నాము. అంతవరకు ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో 2 లక్షల రూపాయల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో సహాయకులందరినీ యాజమాన్యమే చేర్పించాలి. ఈఎస్‌ఐ, భవిష్య నిధి లేనివారు అసంఘటిత కార్మికుల ఈ–శ్రమ్ పోర్టల్‌లో నమోదు కావడానికి ఈ సమావేశం తరఫున సాయం అందించాలి.

8. స్త్రీల కోసం. చట్టం వర్తించని చిన్న వైద్యశాలలు కూడా జీతంతో కూడిన ప్రసూతి సెలవు ఇవ్వాలి, తిరిగి వచ్చినవారికి పాత హోదాలోనే చోటు ఇవ్వాలి. సాయంత్రం పూట నడిచే వైద్యశాలల్లో రాత్రి ఆలస్యమైతే ఇంటికి చేరే ఏర్పాటు చూడాలి. వేధింపు ఎదురైతే అంతర్గత కమిటీ లేని చోట జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చని, దాని చిరునామాతో సహా ప్రతి వైద్యశాల గోడ మీద రాసి ఉంచాలి.

9. పైమెట్లు. సహాయకుల ఎదుగుదలకు ఈ కింది దారులను వైద్యశాలలు గుర్తించాలి: సీనియర్ సహాయకులు, శుద్ధి విభాగం బాధ్యులు, చికిత్సా సమన్వయకర్త, స్కాన్, అలైనర్ విభాగం బాధ్యులు, వైద్యశాల మేనేజరు, శిక్షకులు. ప్రతి మెట్టుకూ జీతంలో తేడా ఉండాలి. అర్హత ఉండి డెంటల్ హైజీనిస్టు, డెంటల్ మెకానిక్ కోర్సులు చదవదలచినవారికి పని వేళల్లో వెసులుబాటు కల్పించాలి. దంత పరికరాల కంపెనీల శిక్షణ, అమ్మకాల విభాగాలు, అలైనర్ల డిజిటల్ ల్యాబులు కూడా కుర్చీ దగ్గర పనిచేసిన అనుభవాన్ని విలువైన అర్హతగా చూడాలని కోరుతున్నాము.

10. బోగస్ శిక్షణలు, విదేశీ ఉద్యోగాల పేరిట మోసాలు. వారం రోజుల్లో సర్టిఫికెట్, చేరగానే గల్ఫ్ ఉద్యోగం అని చెప్పేవారి మాట నమ్మవద్దని సభ్యులను హెచ్చరిస్తున్నాము. విదేశాలకు వెళ్లదలచినవారు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు ద్వారానే వెళ్లాలి. అటువంటి ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్‌టీకి మించి సేవా రుసుము తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. ఏ దేశానికి వెళ్తున్నారో ఆ దేశంలో ఈ పనికి లైసెన్సు కావాలా అన్నది డబ్బు కట్టకముందే తెలుసుకోవాలి. బ్రిటన్ వంటి చోట్ల నమోదు లేకుండా పనిచేయడం నేరమని గుర్తుంచుకోవాలి.

11. మన బాధ్యత. హక్కులు అడుగుతున్న మనం బాధ్యతలకూ కట్టుబడాలి. రోగి వివరాలు, ఫోటోలు బయటపెట్టము. ఆటోక్లేవ్ పూర్తి కాని పరికరం ఎంత రద్దీలోనైనా ట్రేలోకి రానివ్వము. చెప్పకుండా పని మానేసి, నెలల తరబడి చికిత్సలో ఉన్న రోగులను ఇబ్బంది పెట్టము. అన్నిటికన్నా ముఖ్యంగా, నేర్చుకున్న పనిని పెట్టుబడిగా చేసుకుని ఎవరమూ సొంతంగా క్లిప్పులు వేయము. అర్హత లేని చెయ్యి తప్పుగా లాగిన పన్ను వేరు అరిగిపోవచ్చు, ఎముక పట్టు సడలవచ్చు. ఒక బిడ్డ నోటికి జరిగిన ఆ నష్టం తిరిగిరాదు. అటువంటి పని చేస్తున్నట్లు రుజువైన సభ్యుని సభ్యత్వం రద్దవుతుంది. వృత్తికి గౌరవం కోరే హక్కు ఈ నిబద్ధత వల్లనే మనకు వస్తుంది.

మూడో భాగం: అమలు

1. ఈ తీర్మానం అమలుకు తొమ్మిది మంది సభ్యుల కమిటీ ఏర్పాటవుతుంది. అందులో ఐదుగురు సహాయకులు, ఇద్దరు ఆర్థోడాంటిస్టులు, ఒక దంత కళాశాల బోధకుడు, ఒక కార్మిక చట్ట నిపుణుడు ఉంటారు. సహాయకుల్లో కనీసం ముగ్గురు స్త్రీలు ఉండాలి. ఇద్దరు చిన్న పట్టణాల వైద్యశాలల నుంచి రావాలి.

2. మూడు నెలల్లోగా నమూనా నియామక పత్రం, పని సరిహద్దు పత్రం, పని పుస్తకం తెలుగులో తయారుచేసి సభ్యులకు ఉచితంగా పంచాలి.

3. ఆరు నెలల్లోగా సభ్య వైద్యశాలల్లో సహాయకుల సంఖ్య, జీతాలు, పని గంటలు, టీకాల స్థితిపై పేర్లు బయటపెట్టకుండా సర్వే జరపాలి. దాని ఫలితాన్ని ప్రచురించాలి. ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలకు, వారి తల్లిదండ్రులకు నిజమైన అంకెలు అందించడాన్ని ఈ సమావేశం తన మొదటి కర్తవ్యంగా భావిస్తున్నది.

4. ఏడాదిలోగా కనీసం ఒక దంత కళాశాలలో మొదటి అంచె శిక్షణ ప్రారంభమయ్యేలా చర్చలు జరపాలి. పేద కుటుంబాల అభ్యర్థుల రుసుము కోసం సభ్య వైద్యులు నిధి సమకూర్చాలి.

5. ఈ తీర్మానం ప్రతులను ఉభయ రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలకు, కార్మిక శాఖలకు, పారామెడికల్ బోర్డులకు, కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖకు పంపాలి. వచ్చిన జవాబులను, అమలులో సాధించినదాన్ని, మిగిలిపోయినదాన్ని కమిటీ వచ్చే సర్వసభ్య సమావేశంలో లిఖితపూర్వకంగా నివేదించాలి. నివేదిక లేకుండా కమిటీ గడువు పొడిగించకూడదు.

తీర్మానాన్ని సహాయకుల ప్రతినిధి ప్రతిపాదించగా, ఆర్థోడాంటిస్టుల ప్రతినిధి బలపరిచారు. అంశాలవారీగా చదివి వినిపించిన తరువాత సభ్యులందరూ చేతులెత్తి ఆమోదం తెలిపారు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందినట్లు అధ్యక్షులు ప్రకటించారు. ఇది నేటి నుంచే అమల్లోకి వస్తుంది.

అధ్యక్షులు
కార్యదర్శి
సర్వసభ్య సమావేశం